వామనగుంటల పీటకు పెట్టిన వంక

మొన్న కోరుట్లలో ఒక పెళ్లికి వెళ్తే, ఫంక్షన్ హాలు గుమ్మం పక్కన ఫోటోలు దిగడానికని ఒక మూల అలంకరించి పెట్టారు. కవ్వం, చెక్క పోపులపెట్టె, సేమియా చేసుకునే సేవల పీట, వాటి చుట్టూ ప్లాస్టిక్ బంతిపూల దండలు. అన్నీ అద్దెకు తెచ్చినవేనట. నా ఈడు వాళ్లంతా అక్షింతలు వేస్తుంటే నేను ఆ కవ్వాన్ని గోటితో తట్టి, ఇది రంగు పూసిన కొత్త కట్టె అని తేల్చుకుంటూ నిలబడ్డాను. మా ఆయన వచ్చి, "పెండ్లికచ్చినవా, బేరానికచ్చినవా?" అని చెయ్యి పట్టుకుని లాక్కుపోయారు. పోయాను గానీ, ఆ మూలలో లేని వస్తువొకటి నాతోపాటు భోజనాల బంతిలో కూర్చుంది.

నేను జగిత్యాలలో కిరాణా దుకాణం గల్లా పక్కన పెరిగిన దాన్ని. మా నాన్న నాకు చదువు చెప్పించింది తక్కువ, బేరం నేర్పింది ఎక్కువ. నచ్చిన వస్తువు మీద కన్ను నిలపకూడదు, పక్కదాని ధర అడగాలి, కావలసిన దానికి వంక పెట్టాలి, చివరికి దాన్నే కొసరుగా అడిగి సంచిలో వేసుకోవాలి. పెళ్లయి సిరిసిల్లకు వచ్చాక ఆ విద్యతోనే ఊరూరా తిరిగి పేన్ల దువ్వెనలు, చెక్క గరిటెలు, ఉప్పు వేసుకునే చెక్క గిన్నెలు పోగు చేశాను. నాన్న పోయాక నా దగ్గరే ఉన్న అమ్మకు ఇదంతా నవ్వులాట. "మందిండ్లల్ల కట్టెలేరుకస్తున్నవు, మన పొయ్యేమో గ్యాసుదాయె" అనేది.

అలాంటి అమ్మ ఒకనాడు తనే నోరు తెరిచి అడిగింది. గంభీరావుపేటలో తన పుట్టింటి పక్కింట్లో చేప ఆకారపు వామనగుంటల పీట ఒకటి ఉండేదని, ఆ ఇంటి కొత్తకోడలితో ఎండాకాలమంతా దాని మీద ఆడేదని, ఇంకా ఉంటే తెమ్మని. "ఒక్క ఆట ఆడి సూస్త బిడ్డా" అంది. ఆమె గుండె గురించి డాక్టరు చెప్పిన మాట నాకు తెలుసు, ఆమెకు తెలియదు.

మర్నాడే బస్సెక్కాను. ఆ ఇల్లు ఇంకా పెంకుటిల్లే, ఆ కోడలు ఇప్పుడు ముసలవ్వ. కొడుకు దుబాయిలో ఉన్నాడు, అతనొచ్చి స్లాబు పోసేదాకా ఆ దూలాలను కాపాడుకోవడమే ఆమె పని. "ఎవలమ్మ నువ్వు?" అంటే పాత సామాను కొనేదాన్నని చెప్పాను. అమ్మ పేరు చెబితే అవసరం బయటపడుతుంది, అవసరం బయటపడితే ధర పెరుగుతుంది అంది నా రక్తంలోని దుకాణం. ఆమె అటక మీంచి దింపిన వాటిలో చేప పీట కనబడగానే చూపు తిప్పుకుని, పగిలిన కవ్వమొకటి పట్టుకుని గీచి గీచి బేరమాడాను. పీటను మాత్రం వేలితో జరిపి, "ఇది పుచ్చింది అవ్వా, లోపల పురుగున్నది. ఇంట్ల ఉంచితే దూలాలకు గూడ వడ్తది" అన్నాను. నిజానికి అది రాయిలా ఉంది.

"నీ కడుపు సల్లగుండ, మంచిమాట జెప్పినవు. కూసో, చాయ్ దాగి పో" అంటూ ఆమె మిగతా సామాను ఎత్తుకుని లోపలికి పోయింది. కొసరు అడగడానికి తొందరపడకూడదు కదా. నేను అరుగు మీద కూర్చుని నా తెలివికి నేనే మురిసిపోయాను. లోపల కట్టె చీల్చిన చప్పుడైంది, పొయ్యి రాజేస్తోంది కాబోలనుకున్నాను. చాయ్ సగం తాగి, తీరుబడిగా, "అవ్వా, ఆ పుచ్చిన పీట కొసరెయ్యరాదు" అన్నాను.

"ఇంకెక్కడి పీట బిడ్డా! పాణం గుంజింది గని, దూలాలకు వడ్తదంటివి గదా, పొయ్యిల వెట్టిన. గా మంట మీదనే నీ చాయ్ మరిగింది."

పరుగెత్తాను. చేప తోక ఎర్రటి నిప్పయి ఉంది. ఇక దాచడానికేమీ మిగలక, నేనెవరి బిడ్డనో అప్పుడు చెప్పాను. అవ్వ తిట్టలేదు. నా మొహంలో అమ్మ పోలికలు చాలాసేపు వెతికి, "దాని పేరు జెప్తే నేనే ఎత్తుకొని అచ్చేదాన్ని గదనే" అంటూ, పీట మీద ఆడే గవ్వల మూట తెచ్చి నా కొంగులో వేసింది.

అమ్మకు ఉన్నదున్నట్టు చెప్పాను. నవ్వింది. "మీ నాయిన బిడ్డవు, ఇంకేం జేస్తవు" అంది. పైగా నన్నే ఓదారుస్తూ, పీట లేకపోతే ఏమాయె, చిన్నప్పుడు మట్టిలో గుంటలు తీసుకుని ఆడలేదా అంటూ గవ్వలు పట్టుకుని బయటికి నడిచింది. మా ఇంటి ముందూ వెనకా, గేటు దాటి రోడ్డు దాకా సిమెంటే. దుమ్ము పడలేక నేనే దగ్గరుండి పోయించాను. అమ్మ ఆ నేలను మునివేళ్లతో ఒకసారి తడిమి, గవ్వలు మళ్లీ మూట కట్టేసింది. రేపు మానేరు ఒడ్డుకు పోదామన్నాను. ఆ రాత్రే ఆస్పత్రి, ఆ తర్వాత మంచం. చలికాలం దాటకుండానే వెళ్లిపోయింది.

ఇప్పటికీ జగిత్యాల వైపో, పెగడపల్లి వైపో పాత సామానున్న ఇల్లని ఎవరైనా చెబితే వెళ్తూనే ఉంటాను. కాకపోతే అటక వైపు చూసే ముందు వాకిలి వైపు చూస్తాను. మన చిన్నతనంలో ఏ వాకిట్లో కూర్చున్నా వేలితో నొక్కితే గుంట పడేది. ఇప్పుడన్నీ నున్నటి బండలు, ఊడ్చుకోవడానికి సుఖంగానే ఉంటాయి, నేనూ ఒప్పుకుంటాను. కానీ ఇద్దరు ఆడవాళ్లు ఎదురెదురుగా కూర్చుని ఒక్క ఆట ఆడుకునేందుకు జానెడు మట్టి మిగిలిన ఇల్లు నాకింకా తగల్లేదు.