రాజలింగు తిన్న చేదు ఉప్పు

గుండె ముప్పావుగంట ఆగిపోయి, మెస్సు గంట చెవిన పడగానే "పప్పు అడుగంటుతున్నది" అంటూ లేచి కూర్చున్న మనిషి ఈ ప్రపంచం మొత్తంలో ఒక్కడే. మా యూనివర్సిటీ హాస్టల్ వంటమనిషి రాజలింగు. మాణికేశ్వర్ నగర్ నుంచి నడిచి వస్తాడు.

మూడు వందల మంది పప్పులో ఉప్పెంత తగ్గిందో ఆవిరి వాసన చూసి చెబుతాడు. ఇందులో అబద్ధం లేదు. నేను కెమిస్ట్రీ రెండో ఏట చదువు మానేశాక కూడా ఆ పప్పే తిన్నాను. వార్డెన్ వస్తే బియ్యం బస్తాల వెనక కూర్చోబెట్టి వడ్డించేవాడు.

తొంభై నాలుగు ఎండాకాలంలో తార్నాక డాక్టరొకాయన, షుగరూ బీపీ ముదిరి కిడ్నీలు దెబ్బతిన్నాయని రాజలింగుకి ఉప్పు బంద్ చేయించాడు. చప్పిడి మెతుకులు మింగలేక మనిషి రోజూ సగం కంచం వదిలేస్తుంటే నాలోని శాస్త్రజ్ఞుడు నిద్రలేచాడు.

"లింగన్నా, డాక్టర్ వద్దన్నది సోడియం. ఇది పొటాషియం ఉప్పు. బీపీ పెరగదు" అని, కాలేజీ ల్యాబు నుంచి నేను వెంట తెచ్చుకున్న సీసా ఇచ్చాను. నా చదువులో మిగిలింది ఆ సీసా ఒక్కటే.

ఆయన చిటికెడు నాలుక మీద వేసుకున్నాడు. "చేదున్నది గదా తమ్మీ."

"మందన్నాక చేదుండదా?"

"గట్లనా. చదువుకున్నోనివి, నీకెర్కే."

తొమ్మిదో రోజు పొద్దున పప్పు గుండిగ ఎత్తబోయి కూలబడ్డాడు. కాళ్ళు లేవడం లేదు. ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్ళాను. నాడి నిమిషానికి ముప్పై ఎనిమిది. ఈసీజీ కాగితం మీద గీతలు వరుసగా గుడారాలు వేసినట్టున్నాయి.

"రక్తంలో పొటాషియం పెరిగినట్టుంది. కొత్తగా ఏమైనా తిన్నారా?" అని డాక్టర్ అరుంధతి అడిగారు.

రాజలింగు నావైపు చూసి, "ఏం లేదమ్మా, మెస్సు బువ్వే" అన్నాడు.

ఆ మనిషి చచ్చిపోతూ కూడా నన్ను బస్తాల వెనకే దాస్తున్నాడు. ఇక ఆగలేక సీసా సంగతంతా చెప్పేశాను.

"కిడ్నీలు పాడైన మనిషికి ఇదా ఇచ్చేది! ఇంకో పూట తినుంటే గుండె ఆగిపోయేదయ్యా" అంటూనే ఆమె సిరంజి అందుకున్నారు.

తర్వాత ఆమె చెప్పింది నాకు అర్థమైన తీరు ఇది. పొటాషియం హాస్టల్ కుర్రాళ్ళలాంటిది. కణాలనే గదుల్లో ఉన్నంతసేపు బుద్ధిగా పనిచేస్తుంది. రక్తమనే వరండాలో కాస్తే తిరగాలి. ఎక్కువైతే కిడ్నీ వార్డెన్‌లాగా మూత్రంలో బయటికి గెంటేస్తుంది. రాజలింగు ఒంట్లోని వార్డెన్ మంచాన పడ్డాడు. వరండా కిక్కిరిసి ముందు కండరాలు, తర్వాత గుండె తడబడ్డాయి. కాల్షియం సూది గుండెకు కాపలా కాసింది. గ్లూకోజుతో కలిపిచ్చిన ఇన్సులిన్ కుర్రాళ్ళని గదుల్లోకి తోసింది. మిగిలినవాళ్ళని మందులు రెండు రోజుల్లో మెల్లగా బయటికి సాగనంపాయి.

ఇప్పుడాయన చప్పిడి పప్పే తింటాడు. మొన్న నేను ఫస్టియర్ పిల్లలకి గుండె ఆగిన ఆ ముప్పావుగంట సంగతి చెబుతుంటే, రాజలింగు గరిటె ఆపకుండానే అన్నాడు:

"గుండె ఆగలే. కాళ్ళు లేవలే, గంతే. ఉప్పు నేనే ఎక్కువేసుకున్న."