రెండో అట్టపెట్టె

వరల్డ్ కప్ కోసం దోహా అంతా తవ్విపోసిన రోజులవి. చెల్లెలి ఇంటికని వెళ్ళాను గానీ కాలు ఒకచోట నిలిచేది కాదు. నక్షత్రాల మధ్య తరతరాలు ప్రయాణించే ఓడ గురించి కథ మొదలుపెట్టాను. ఆ అంతులేని చీకటి తలచుకుంటేనే ఒళ్ళు జలదరించేది, కలం మాత్రం కదిలేది కాదు. ఊరికే బస్సులెక్కి తిరిగేవాణ్ణి.

ఒక శుక్రవారం మధ్యాహ్నం ముఐథర్ వైపు వెళ్ళే బస్సులో నా పక్కనాయన ఒళ్ళో ఖాళీ అట్టపెట్టె, తాడు చుట్ట ఉన్నాయి. పెట్టె మీద అప్పుడే అతని పేరు, జగిత్యాల దగ్గరి ఊరి పేరు రాసేసి ఉన్నాయి. స్టేడియం పైకప్పు మీద పనట. నా చేతిలో నోటుబుక్కు చూసి ఏం రాస్తున్నారని అడిగితే కథ చెప్పాను.

"ఆ ఓడల చుట్టీ ఎన్నేండ్లకు సార్?"

"సెలవులుండవు. ఎక్కినవాళ్ళు ఇంక ఇంటికి రారు."

"మరి పెట్టెల ఏమేం నింపుతున్నరు?"

నాకు చిరాకేసింది. "ఇంటికే రానివాళ్ళకి పెట్టెందుకయ్యా? నువ్వంటే వెళ్తున్నావు."

"యాడ సార్! వరల్డ్ కప్ అయ్యేదాంక చుట్టీ మాఫీ, లేనే లేదన్నరు. ఒక పెట్టె నిండింది, ఇది రెండోది." జారుతున్న తాడు దగ్గరికి లాక్కున్నాడు. "నింపుతనే ఉండాలె. లేకుంటే మనిషి ఎటూ గాకుంట తేలుతడు."

ఇంటికొచ్చి రాసిందంతా చింపేశాను. ఇప్పుడు నా ఓడలో మూడో తరం పిల్లలు తాడు కట్టిన పెట్టె చుట్టూ కూర్చుంటారు. దాని మీదున్న ఊరిని వాళ్ళెవరూ చూడలేదు. బస్సులో చదివిన ఆ ఊరి పేరు మాత్రం నేను మార్చలేదు.