బలి అశ్వాన్ని కొన్న మా బావ

గత గురువారం మధ్యాహ్నం భోంచేసి, "నాలుగ్గంటలకి లేపీ, నెట్ సెంటరుకి ఎల్లాల" అని మా అక్కకు చెప్పి నడుం వాల్చిన లోకనాథం మేష్టారు నాలుగ్గంటలకు లేవలేదు. ఆయన నాకు బావ. పలాస పోస్టాఫీసు గుమస్తాగా పరుల ఇళ్లకు ఎన్ని మరణవార్తలు పంపించానో లెక్కలేదు. మా అక్క ఫోను చేసి "మీ బావ ఎల్లిపోనార్రా" అంటే మాత్రం "ఎక్కడికి?" అని అడిగాను. ఆ ప్రశ్నకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

ఆయన సంస్మరణార్థం నాలుగు మాటలు రాయమని పాఠశాలవారు కోరారు. గంభీరంగానే మొదలుపెట్టాను గాని, ఆయన్ని తలచుకుంటే దుఃఖం కన్నా ముందు నవ్వే వస్తోంది. ఇది నా తప్పు కాదు, ఆ మహానుభావుడిదే.

ముప్పై ఏళ్లు సాంఘికశాస్త్రం బోధించిన విద్వాంసుడు. రాజవంశాల పేర్లు వల్లెవేయించడం ఆయనకు గిట్టేది కాదు. "రాజు పేరు మర్చిపోయినా పర్లేదురా, ఆ రాజ్యంలో కుండ సేసినోడి సెయ్యి ఎలాటిదో ఊహించండి" అనేవారు. ఊహకు ఆధారంగా పిల్లల అరచేతిలో ఒక నిజమైన ప్రాచీన వస్తువును పెట్టాలన్నది ఆయన జీవితకాంక్ష. కాశీబుగ్గలో నెట్ సెంటర్ వెలిసిన నాటి నుంచి ఆ కాంక్షకు రెక్కలొచ్చాయి. దేశదేశాల వర్తకులు పురావస్తువుల బొమ్మలు పెట్టి అమ్ముతుంటే, ఒక్కో బొమ్మ పైనుంచి కిందికి తెరుచుకోవడానికి పావుగంట పట్టినా మునిలా కూర్చునేవారు. వినాయకుడి తొండం కనిపించేదాకా ఆగి, తీరా కిందికొచ్చేసరికి అది ఏనుగు బొమ్మ అని తేలినా విసుక్కునేవారు కాదు. నెట్ సెంటర్ యజమాని కార్డు మీద కొనడం, పార్సిల్ మా ఆఫీసుకు రావడం, నేను ఫోను చేసి "బావా, పార్సిల్ అందింది. ఈసారి ఏ దేశపు పెంకు?" అని ఎగతాళి చేయడం, ఇది మా మధ్య ఆనవాయితీ.

వ్యామోహం ఎంతున్నా ధర్మం తప్పని మనిషి. ఒక వర్తకుడు అద్భుతమైన రాతి శిరస్సు ఒకటి చూపించాడు. మన దేశపు శిల్పమే. మెడ దగ్గర విరిగిన చోటు తెల్లగా, కొత్తగా ఉంది. బావ ఆ రోజు అన్నం సరిగా తినలేదు. మర్నాడు వర్తకుడికి ఒకే వాక్యం రాశారు: "దీని మొండెం ఏ గుడిలో ఉంది?" జవాబు రాలేదు. అప్పటి నుంచి ఎవరి దగ్గర ఏది కొనాలన్నా ముందు ఆ వస్తువు ఎక్కడ దొరికింది, ఎవరి చేతుల మీదుగా వచ్చింది అని అడిగి గాని కొనలేదు. సమాధానం నిజమో కాదో తేల్చుకోలేకపోయారన్నది వేరే సంగతి.

అసలు కథ బలి అశ్వానిది. పాఠశాలలో ఒక ఖాళీ గదిని వస్తు ప్రదర్శనశాలగా మార్చడానికి హెడ్మాస్టరు ఒప్పుకున్నారు. దాని నడిమధ్యన ఉంచడానికి బావ ఒక దారు అశ్వాన్ని, అంటే కొయ్య గుర్రాన్ని కొన్నారు. ఏదో సుదూర ద్వీపంలో రెండు వేల ఏళ్ల కిందట బలిపీఠం మీద నిలిపేవారనీ, దాని నోటిలోని చీలికలో పవిత్ర జ్యోతిని ఉంచేవారనీ వర్తకుడి ఉవాచ. నెల రోజుల పాటు పిల్లలకు ఆ గుర్రం గురించే పాఠం. పార్సిల్ సరిగ్గా ప్రారంభోత్సవానికి ముందురోజు వచ్చింది. నేనే బావ ఇంటికి మోసుకెళ్లాను.

వీధి వీధంతా గుమిగూడింది. పక్కింటి మార్తమ్మ అప్పుడే పనినుంచి వచ్చింది. జీడిపప్పు ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్లుగా పప్పు ఏరే మనిషి. నిండు పప్పు, బద్ద, ముక్క, పొట్టు అని కన్ను మూసి తెరిచేలోగా వేరుచేస్తుంది. ఆమె గుర్రాన్ని ఎత్తి, తిప్పి, ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఏటి మేష్టారూ, జీడినూనె కంపు కొడతంది?"

"ప్రాచీన తైలం అయ్యుంటాది మార్తమ్మా."

"మా తమ్ముడు పడవకి రాత్తాడండి ఈ తైలం. పురుగు పట్టకుండా." ఆమె వేలు గుర్రం నోట్లో దూరింది. "ఇది కొబ్బరికోరు పీట బావూ. నోట్లో ఇనప కోరు ఊడిపోనాది, అంతే."

అప్పటిదాకా గుమ్మంలో నిలబడ్డ మా అక్క దగ్గరకొచ్చి చూసి నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "అయ్యో, అచ్చు ఇలాటిదే మా అత్తది పాతసామాన్లోడికి ఇచ్చీసి స్టీలు బిందె కొన్నాను కదా!"

బావ ఆ గుర్రాన్ని నేల మీద పెట్టారు. కాస్త తటపటాయించి దాని మీద కూర్చున్నారు. ఎత్తు సరిగ్గా సరిపోయింది. అంతే, కళ్లనీళ్లు కారేదాకా నవ్వారు. "మన ఉద్దానం పీట ఓడెక్కి లోకం సుట్టొచ్చి, బలి అశ్వం అయిపోయి ఇంటికొచ్చీసిందిరా!"

నాకు మాత్రం నవ్వు రాలేదు. మర్నాడు ఊరి పెద్దలంతా వస్తారు. ఆయన మాట వేదవాక్కుగా వినే పిల్లలు వస్తారు. "బావా, తిప్పి పంపించీ. రేపటికి గుర్రం ఇంకా రానేదని సెప్పీ. పార్సిల్ సంగతి నాకొదిలీ" అన్నాను.

"నెల్లాళ్లు తెలీక అబద్ధం సెప్పినాను. అది పొరపాటు. రేపు తెలిసి సెప్తే మోసం" అన్నారు బావ.

మర్నాడు ఆ పీటను గది నడుమనే పెట్టి, జరిగిందంతా చెప్పారు. కింద అట్టముక్క మీద ఆయన దస్తూరీతో ఇలా ఉంటుంది: "కొబ్బరికోరు పీట. ఉద్దానం. రెండు వేల ఏళ్ల నాటిదని నమ్మి కొన్నవాడు లోకనాథం. నిజం కనిపెట్టినది మార్తమ్మ." పెద్దలు ముఖముఖాలు చూసుకున్నారు. వెనక వరసలోంచి ఒక పిల్ల లేచి, "అయితే మా ఇంట్లో పీట కూడా ఎట్టుకుంటారా మేష్టారూ?" అంది. ఆ వారంలో రోకళ్లు, నీటి బుర్రలు, ఈతాకు గొడుగులు వచ్చి గదిలో కాలు పెట్టే చోటు లేకుండా పోయింది. హెడ్మాస్టరు రెండో గది ఇవ్వక తప్పలేదు.

నాటి నుంచి బావ ఒక నియమం పెట్టుకున్నారు. ఏ పార్సిల్ వచ్చినా తిన్నగా మార్తమ్మ అరుగు మీదికే. వర్తకుడు ఏం చెప్పాడో చెప్పకూడదు. వస్తువు ఆమె చేతిలో పెట్టి "ఏటిది?" అని మాత్రమే అడగాలి. ఫ్యాక్టరీలో పప్పు ఏరినట్టే ఆమె తేల్చిన రకమే అట్టముక్క మీదికి ఎక్కుతుంది; నిండు అంటేనే అసలైనది. నాణేలు, బద్ద. మట్టి ప్రమిద, ముక్క. నీలిరంగు పూస, పొట్టు. ఆదివారం చర్చి నుంచి వస్తూంటే కూడా ఆపి అడిగేవారు. ఆరేళ్లలో ఆమె నోటి వెంట ఒక్కసారైనా నిండు అన్న మాట రాలేదు. బావ ప్రతిసారీ పరీక్ష తప్పిన పిల్లాడిలా మొహం వేలాడేసుకుని, సాయంత్రానికి మళ్లీ నెట్ సెంటర్లో తేలేవారు. "ఒక్క నిండు పప్పు కొని గాని పోను" అని నాతో పందెం కూడా వేశారు.

మొన్న సోమవారం మా ఆఫీసుకు ఒక చిన్న పార్సిల్ వచ్చింది. మీద ఆయన పేరు. అలవాటు కొద్దీ ఫోను ఎత్తి, అక్క గొంతు వినబడేదాకా నాకు గుర్తురాలేదు. ఫోను పెట్టేశాను. సాయంత్రం పార్సిల్‌తో అక్క దగ్గరకు వెళితే, ఆమె దాన్ని విప్పకుండానే నా చేతికి తిరిగిచ్చి "మార్తమ్మ అరుగు మీదకి అట్టుకెల్లు" అంది.

లోపల రేగుపండంత మట్టి ఉండ, మధ్యలో బెజ్జం. వర్తకుడి కాగితం జేబులో పెట్టుకుని, నియమం ప్రకారం "ఏటిది మార్తమ్మా?" అన్నాను.

ఆమె చాలాసేపు తిప్పింది. ఎప్పుడూ అంతసేపు చూడలేదు. "వల గుండు బావూ. వల మునగడానికి అంచుకి కడతారు. ఇదిగో, బెజ్జంలో ఒక పక్కే గాడి పడింది సూడండి, తాడు ఒరిసి ఒరిసి. దొంగది అయితే సుట్టూ ఒకలాగే గీసుందురు. ఎన్నేళ్లదో నాకు తెల్దు. ఏ సముద్రవోఁ తెల్దు. ఎవులో కడుపు కోసం దీన్ని నీట్లో ఏసి లాగినారు, ఏసి లాగినారు." గుండును కొంగుతో తుడిచింది. "నిండు" అని బావురుమంది.

వర్తకుడి కాగితం తీసి చూశాను. దూరదేశపు తీరం, ప్రాచీన వల గుండు అనే ఉంది.

విద్వాంసులు పుడతారు, మేష్టార్లు వస్తారు. తన పొరపాటును తన చేత్తోనే రాసి నట్టింట నిలబెట్టి, దాని మీద పిల్లల చేత చరిత్ర చదివించిన మనిషి మళ్లీ ఈ ప్రాంతానికి దొరకడు. ఆ ఉండ ఇప్పుడు పీట పక్కనే ఉంది. కింద అట్టముక్క నేను రాశాను. నా దస్తూరీ ఆయన దస్తూరీ అంత కుదురుగా లేదు.

పందెం నువ్వే గెలిచావు. బావా, పార్సిల్ అందింది. నిండు పప్పు.