సాగనంపని పేరంటాలు

ఆర్.ఎస్. పురంలో ఒక చీరల దుకాణం ముందు, పట్టపగలు, చనిపోయిన మా వదినె గొంతు విని ఆగిపోయాను.

"రావమ్మా, మా ఇంటికి రావమ్మా" అని పిలుస్తోంది. స్పీకరులో వస్తున్న ఆ పాట వెనక డ్రమ్ములు కలిపారు.

అది మా పేరంటాలి పాట. ముత్తైదువగా పోయి దేవత అయిన పూర్వపు కోడలిని ఏడాదికొకసారి ఇంటికి పిలుస్తాం. బుట్టలో కొత్త చీర పెట్టి పిలిచే పాట పాడతారు. పొద్దు వాలేలోగా సాగనంపే పాట పాడతారు. పిలిచి పంపకుండా ఉన్నది మా వంశంలో లేదు. రెండు పాటలూ పూర్తిగా వచ్చినది వదినెకే.

వాటిని బయటివాళ్ల చేతిలో పెట్టింది నేనే. మా పేట రీడింగ్ రూము తాళాలు నా దగ్గరుండేవి. ఒక విదేశీ కంపెనీవాళ్లు వచ్చి, పాత గొంతులు భద్రంగా దాచి, మా రీడింగ్ రూముకు ఊరికే వినిపిస్తామన్నారు.

"బడికి పోని మనిషివి, ఆ ఇంగ్లీషు కాయితమంతా చదివినావా మరిదీ?" అంది వదినె.

"డిక్షనరీ పెట్టుకుని రెండు దినాలు చదివినా."

"సరి, పాడతా. రేపు ఆ పేరంటాలమ్మ అడిగితే నీ పేరే చెప్తా."

చదివాను, నిజమే. 'ప్రపంచమంతటా, శాశ్వతంగా' అన్న మాటలు మా పాటకు దక్కిన గౌరవమనుకుని సంతకం పెట్టాను.

వదినె పోయాక, పూజనాడు సాగనంపే పాట కోసం కంప్యూటర్ తెరిస్తే, 'మీ దేశంలో లభించదు' అని వచ్చింది. పంపే పాట లేక ఆ ఏడు పిలవనే లేదు. జాబు రాస్తే, దేశాల మధ్య వాణిజ్య ఒప్పందం ప్రకారం హక్కు తమదేనన్నారు. ఎవరి హక్కు? మా పొయ్యి దగ్గర పాడిన పాట! పత్తి అమ్ముకున్నాం, నూలు అమ్ముకున్నాం. దేవతను పిలిచే గొంతు ఎప్పుడు సరుకైంది? ఇప్పుడు పిలిచే పాటను మాత్రం కోసి దుకాణాలకు అమ్మారు.

లోపలికి వెళ్లి, పాట ఆపమని తమిళంలో అడిగాను.

"మేమూ తెలుగోళ్ళమే తాతా, మాది పోదనూరు" అంది చీరలు చూపే అమ్మాయి, నా యాస పట్టి. "ఆపేది మా చేతిలో లేదు. ఎక్కడినుంచో వస్తా ఉంటాది." గొంతు తగ్గించింది. "ఇది పాడినప్పుడంతా ఆ అద్దం తలుపు దానంతటదే తెరుచుకుంటాది. మనుషులుండరు. మెకానిక్ మూడు తూర్లు చూసిపోయినాడు."

"మళ్ళా బయటికి పోయేదానికి?"

"అప్పుడు తెరుచుకోదు తాతా."

చీరల వరుసల వైపు చూడలేకపోయాను. పేరంటాలిని ఎన్నిసార్లు పిలిచారో! వెళ్లమన్నవాళ్లు లేరు.

సాగనంపే పాటలో గుమ్మం బయట నుంచి విన్న రెండు చరణాలే నాకు వచ్చు. ఆడవాళ్ల పాట. అయినా నడి దుకాణంలో నిలబడి పాడాను. "సల్లగా పోయిరా తల్లీ, సద్దిమూట కట్టినామూ..." ఎవరో నవ్వారు. ఎవరో వీడియో తీయడానికి ఫోను ఎత్తారు.

తలుపు తెరుచుకుంది. చల్లగాలి నా భుజాన్ని రాసుకుంటూ వీధిలోకి పోయింది. తలుపు మూసుకుంది. ఊపిరి పీల్చుకున్నాను.

అప్పుడు పైన స్పీకరులో వదినె చిన్నగా దగ్గింది. పాట ఎత్తుకునే ముందు ఆమెకు అలవాటు.

"రావమ్మా" అంది.

తలుపు మళ్లీ తెరుచుకుంది.