ఎడమచేతి వనభోజనం

"ఫిల్ము మళ్ళీ తిరగబడిందే," అన్నారు మా ఆయన. "పడితే పడింది గానీ, ముందు ముద్ద మింగండి," అన్నాను నేను. మా ఇద్దరి మధ్య అవే ఆఖరి మాటలు. పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయి, ఎడమచేత్తో పెరుగన్నం కలుపుకుంటూ తన మీద తనే ఆడుకున్న హాస్యం అది. ఆ మాట వెనక సంగతి ఎవరికీ చెప్పలేదు. ఇవాళ మనవరాలి ఫోను చూశాక చెప్పాలనిపించింది. తనే రాస్తోంది, నాకు సంతకం వరకే వచ్చు.

కార్తీకంలో తనూ స్నేహితురాళ్ళూ చీరలు కట్టుకుని, కృష్ణ ఒడ్డున వనభోజనాలకు వెళ్ళి తమను తామే తీసుకున్న ఫోటో అట. అందులో పిల్లలంతా ఎడమచేత్తో పులిహోర తింటున్నారు, పైటలన్నీ కుడిభుజాల మీద! ఇదేం చోద్యమే అంటే, ఫోను ముందువైపు కెమెరా అద్దంలాగా తిప్పి చూపిస్తుంది అమ్మమ్మా అని నవ్వింది. నాకు మా ఆయన మొదటి బొమ్మ గుర్తొచ్చింది.

పెళ్ళయిన కొత్తలో ఆయన గవర్నర్‌పేటలో ఒక ప్రెస్సులో బొమ్మలు వేసేవారు. పామర్రు దగ్గర పల్లె నుంచి వచ్చిన నాకు బొమ్మంటే దేవుడి పటమే. మనుషులు అన్నం తినడం కూడా బొమ్మవుతుందని తెలియదు. ఒక బట్టల కొట్టు క్యాలెండరుకు వనభోజనాల బొమ్మ అడిగారు, కింద ఆయన పేరు అచ్చయ్యే మొదటి బొమ్మ అదే. ఎక్కడినుంచో తెల్లవాళ్ళ బొమ్మల పుస్తకం తెచ్చారు. గడ్డిమీద దుప్పటి, దానిమీద పళ్ళు, సీసాలు, మోచేతిమీద ఒరిగిన దొరలు. ఇంత తిండి పెట్టుకుని ఒక్కరూ నోట్లో పెట్టుకోరేమండీ అన్నాను. అదేనే, మన బొమ్మలో అందరూ తినాలి అన్నారు. ఇక నన్ను అరుగుమీద కూర్చోబెట్టి, ఆకు వేసి, ముద్ద నోటిదగ్గర ఆపమనేవారు. అన్నం చల్లారిపోయేది గానీ ఆయన గీత ఆగేది కాదు. ఉసిరిచెట్టు కింద ఎనిమిదిమంది తింటున్నట్టు వేస్తే, ఎనిమిది చేతులూ నావే.

అచ్చు తీసిన రోజు క్యారేజీ పట్టుకుని ప్రెస్సుకు వెళ్ళాను. తాడుమీద ఆరేసిన ఆ రంగుల కాగితం చూసి కొయ్యబారిపోయాను; వేళ్ళ సందున అన్నం మెతుకు కూడా మెరుస్తోంది! అందరూ ఒక్కొక్క అక్షరం చదువుకుని, తప్పుల్లేవని ఆయన భుజం తడుతున్నారు. చదవడం రాని నేను చేతులు చూశాను. నా చెయ్యి అటు కాదే! అందరూ ఎడమచేత్తో తింటున్నారు. చెబితే అంతమంది మగవాళ్ళ ముందు ఆయనకు తలవంపులు, చెప్పకపోతే ఊరంతా నవ్వుతుంది. చివరికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఏమండీ, వీళ్ళెవరికీ కుడిచేతులు లేవా అన్నాను.

ప్రెస్సు యజమాని కాగితం దగ్గరికి వచ్చి చేతులు చూశారు. బొమ్మను అచ్చుకెక్కించే ఫిల్ము తిరగేసి పెట్టారట, అందుకే కుడి ఎడమైంది. అక్షరాల ఫిల్ము వేరు కనుక అవి సరిగ్గానే వచ్చాయి. "అక్షరం తప్పితే నేను పట్టుకుంటా, చెయ్యి తప్పితే మీరే పట్టుకోవాలమ్మా," అన్నారు ప్రెస్సాయన. ఆ తరవాత నాకు చూపించందే మా ఆయన బొమ్మ ఏదీ యంత్రమెక్కలేదు.

సరైన క్యాలెండర్లు ఏ గోడలమీద చిరిగిపోయాయో గాని, ఆ తప్పు కాగితాన్ని ఆయన ట్రంకుపెట్టెలో దాచుకున్నారు. ఇందాక దాన్ని ఎత్తి పట్టుకుని మనవరాలి ఫోనులో, ఆ ముందువైపు కెమెరాతో చూశాను. అబ్బ, ఏం చెప్పను! ఎనిమిదిమందీ కుడిచేత్తో తింటున్నారు. ఆయన వేసింది వేసినట్టు, నా చెయ్యి నా చెయ్యిలాగా! ఇప్పుడు అక్షరాలు తిరగబడ్డాయే అంటుంది మనవరాలు. నాకు రెండూ ఒకటే.

ఈ రోజుల్లో బొమ్మ కోసం ముద్ద ఆపేవాళ్ళూ లేరు, ఆపమనేవాళ్ళూ లేరు. చిటికెలో వందల ఫోటోలు. చేతులు అటో ఇటో ఎవరికీ పట్టదు. ఆయన ఉంటే ఆ ఫోను చూసి చిన్నపిల్లాడిలా నవ్వేవారు.

రాశావా అమ్మడూ? ఏదీ, మొదటినుంచీ చదువు. ఎక్కడైనా తిరగబడిందేమో వింటాను.