ఆంటీ ఇంటి పై గదులు

పోయిన నెల సుల్తాన్‌పూర్‌లోని మా ఇంటి ఓనరు ఆంటీ కన్నుమూశారు. జ్వరమని ఆసుపత్రికి వెళ్ళిన మనిషి మళ్ళీ ఇంటికి రాలేదు. వైద్య పరికరాలు తయారుచేసే మెడికల్ పార్కు కంపెనీల్లో పనికొచ్చిన నాలాంటి ఎందరో ఆడపిల్లలకు ఈ ఊళ్ళో మొదటి నీడ ఆమె ఇల్లే.

ఆంటీది కోస్తా. భర్తకు ఇక్కడి ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగం వస్తే వెంట వచ్చి, ఆయన పోయాక కూడా ఇక్కడే ఉండిపోయారు. పై గదులు ఆడపిల్లలకు తప్ప ఎవరికీ ఇచ్చేవారు కాదు. ఏ షిఫ్టు నుంచి ఎవరొచ్చినా గేటు చప్పుడుకే పొయ్యి వెలిగించేవారు. "ఆకలి మీద ఏదీ తేల్చుకోకూడదే, ముందు తిను" అనేవారు.

మాది జోగిపేట దగ్గరి పల్లె. ఇంటర్ అయ్యాక నేను సిరంజీల కంపెనీలో చేరిన కొత్తలో, ఆడపిల్లను ఒంటరిగా కంపెనీ పనికి పంపావేమిటని మా ఊళ్ళో ఎవరో అన్నారని నాన్న వచ్చాడు.

"బ్యాగు సదురుకో బిడ్డా. గీ నౌకరీ మనకొద్దు."

ఆంటీ నాన్నకు కుర్చీ వేసి అన్నం వడ్డించారు.

"మీ పిల్ల, తీసుకెళ్ళండన్నయ్యా. కానీ రేపొక్కసారి దాంతో కంపెనీ దాకా వెళ్ళి, చూసి తీసుకెళ్ళండి."

మర్నాడు నాన్న కంపెనీ గేటు దగ్గర నిలబడి, బస్సుల్లోంచి దిగుతున్న అమ్మాయిలనే చూస్తుండిపోయాడు. మా పక్క ఊరి పిల్ల "మంచిగున్నవా కాకా?" అని పలకరించి లోపలికి పరుగెత్తింది. నేను డ్యూటీ దిగి వచ్చేసరికి నాన్న ఆంటీతో మాట్లాడుతున్నాడు.

"గంతమంది ఆడపిల్లలు చేస్తున్నరా అమ్మా! నేను ఊరోళ్ళ మాటలే విన్న. ఇగ నా బిడ్డను నీ చేతుల పెడుతున్న."

"నా చేతుల్లో ఎందుకండీ? దాని బతుకు దాని చేతుల్లోనే ఉండనివ్వండి."

తర్వాత పట్టుబట్టి నాతో దూరవిద్యలో డిగ్రీ కట్టించింది కూడా ఆంటీయే. నా పరీక్షల రోజుల్లో టీవీ పెట్టేవారు కాదు. సీరియల్లో ఏమైందో మర్నాడు పక్కింటావిడను అడిగి తెలుసుకునేవారు. ఇప్పుడు కంపెనీలో కొత్తవాళ్ళకు పని నేర్పేది నేనే.

కర్మ అయ్యాక ఆంటీ కూతురు మమ్మల్ని పిలిచి, "గదులు ఇలాగే ఉంటాయి. కొత్తవాళ్ళొస్తే మీరే చూసుకోండి" అంది.

నిన్న నారాయణఖేడ్ వైపు నుంచి ఒక పిల్ల తల్లిని వెంటబెట్టుకుని వచ్చింది. ఈ ఉదయం మేడ మీద నుంచి చూశాను. కంపెనీ బస్సు కిటికీలోంచి ఆ పిల్ల తన కొత్త ఐడీ కార్డు పైకెత్తి చూపిస్తోంది. తల్లి కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, నవ్వుతూ, కదిలిన బస్సు వెంట నాలుగడుగులు నడిచింది.