వంట ఇష్టం లేదని చెప్పిన సాయంత్రం

పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్ళినప్పుడల్లా మా సంచిలో బట్టల కంటే తిండే ఎక్కువుండేది. ఎండు రొయ్యలు, గోంగూర పచ్చడి, పెరట్లో కాసిన కొబ్బరికాయలు. మా ఊరు రంగత్‌లో బస్సెక్కింది మొదలు దిగేదాకా ఆ సంచి మా ఆయన ఒళ్ళోనే. ఆయన కరెంటు ఆఫీసులో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. నేను బడిలో చిన్నపిల్లలకు తెలుగు చెప్పాను. మా తాతలు శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చినవాళ్ళు. మేమిద్దరం పుట్టిందీ పెరిగిందీ ఈ దీవుల్లోనే.

మొన్న వానలు తగ్గాక మళ్ళీ వెళ్ళాం. అమ్మాయి ఆస్పత్రిలో నర్సు, డైరీ ఫార్మ్ అనే పేటలో అద్దెకుంటోంది. అల్లుడు ఓడ మీద డ్యూటీకి వెళ్ళాడు. అబ్బాయి బతు బస్తీలో గది తీసుకుని, రోజూ వండూర్ వెళ్ళి టూరిస్టుల బోటు నడుపుతాడు. మేం వస్తున్నామని ఆ రోజు అక్క ఇంటికే వచ్చి కూర్చున్నాడు.

ఇంట్లో అడుగు పెడుతూనే చూశాను, వంటగదిలో పళ్ళెం నిండా కడిగిన చేప ముక్కలు.

“అమ్మా, నీ చేతి పులుసు తిని ఎన్నాళ్ళయిందో! నువ్వు వస్తున్నావని పొద్దున్నే తెచ్చేశా,” అన్నాడు అబ్బాయి.

చీర కొంగు దోపుకుని పొయ్యి దగ్గరికి వెళ్ళాను. ఉల్లిపాయలు వేగుతుండగా మంట నీలంగా ఒకసారి ఊగి ఆరిపోయింది. సిలిండరు ఖాళీ. కొత్తది రావడానికి రెండు రోజులు పడుతుందన్నారు. అమ్మాయి తెగ నొచ్చుకుంది. నాకు మాత్రం వానకి బడి సెలవని విన్న పిల్లలా ఒళ్ళు తేలికైపోయింది. ఆ సంతోషం బయటికి కనపడకుండా, “అయ్యో, పాడైపోతాయి కదర్రా,” అంటూ ముక్కలన్నీ కింద వాటాలో ఉన్న వాళ్ళకి ఇప్పించేశాను.

ఆ పూట బతు బస్తీలో అబ్బాయి రోజూ తినే టిఫిన్ దుకాణానికి వెళ్ళాం. నాలుగు బల్లలు, గోడకో ఫ్యాను. మసాలా దోసె నా ముందుకొచ్చింది, అంచులు పళ్ళెం దాటి. ఇంట్లో దోసెలంటే నేను చివరిదాన్ని. అందరికీ వేసి నేను కూర్చునేసరికి పిండి అడుగంటేది, చట్నీ నీళ్ళయ్యేది. ఇక్కడ మొదటి దోసె నాకే. వేడి పొగ మొహానికి తగులుతుంటే తుంచుకుని తిన్నాను. ఎవరికి ఏం కావాలో చూడలేదు, ఎవరి పళ్ళెంలోకీ తొంగి చూడలేదు.

“భయ్యా, ఔర్ ఏక్ సాదా,” అని నేనే కేకేశాను. పిల్లలిద్దరూ మొహమొహాలు చూసుకున్నారు.

మర్నాడు అబ్బాయి మమ్మల్ని తనతో వండూర్ తీసుకెళ్ళాడు. జెట్టీ దగ్గర టూరిస్టులను బోటెక్కిస్తూ అరుస్తుంటే దూరం నుంచి చూస్తూ కూర్చున్నాం. చిన్నప్పుడు పడవెక్కాలంటే నా కాళ్ళు పట్టుకుని ఏడ్చినవాడు వీడేనా అనిపించింది. మధ్యాహ్నం రేకుల కప్పు కింద అన్నం, పప్పు, చేప వేపుడు తిన్నాం. వడ్డించే ఆవిడ, “దీదీ, ఇంకొంచెం పెట్టనా?” అని హిందీలో అడిగింది. ఆ మాట ఇన్నేళ్ళూ నేను అన్నదే గాని, నన్నడిగిన వాళ్ళు తక్కువ. పెట్టించుకున్నాను.

ఆ మర్నాడు సిలిండరు రానే వచ్చింది. అమ్మాయి సంబరంగా, “బస్, ఇవాళ అమ్మ చేతి వంటే,” అంది.

నోటికొచ్చిన మాట అనేశాను. “సముద్రం పక్కన ఏదో మంచి హోటలుందన్నావు కదా. మీ నాన్న ముచ్చట పడుతున్నారమ్మా.”

ఆయనకి ఆ హోటలు సంగతే తెలీదు. పేపరు మీంచి తలెత్తి నా వంక ఒక్క క్షణం చూశారు.

“అవునవును. నేనే అన్నాను,” అన్నారు.

సాయంత్రం వెళ్ళాం. అలలు రోడ్డు గోడకి కొట్టుకుంటున్నాయి. అమ్మాయి సుర్మయి చెప్పింది. మేం వంజరం అనేదాన్నే పిల్లలు సుర్మయి అంటారు. వేపుడు, కొబ్బరిపాల కూర, వేడన్నం వచ్చాయి. సగం తిన్నాక అబ్బాయి, “ఎంతైనా అమ్మ పులుసు ముందు ఇదేటి, కుచ్ నహీ,” అన్నాడు.

నన్ను సంతోషపెట్టడానికే అన్నాడు. అయినా నేనిక ఆగలేకపోయాను.

“నాకు వంట చెయ్యడం ఇష్టం లేదురా. ఎప్పుడూ లేదు.”

అబ్బాయి నవ్వబోయి ఆగాడు.

“మజాక్ చేస్తున్నావా? మరి ఇన్నేళ్ళూ ఒండావు గదా?”

“మీరు తింటుంటే చూడ్డం ఇష్టం. పొద్దున్నే పొయ్యి ముందు నిలబడ్డం ఇష్టం లేదు. బడికి పోయే తొందరలో ఏ రోజూ లేదు.”

వాడి మొహం చిన్నబోయింది. తన చిన్నతనంలోంచి ఏదో తీసేసుకున్నట్టు చూశాడు. కాని నేను కంగారు పడింది అమ్మాయిని చూసి. చెంచా కింద పెట్టి కళ్ళు తుడుచుకుంటోంది.

“ఏమైందే?”

“పెళ్ళయినకాడి నుంచీ నీలాగ ఒండటం రాలేదని, మనసవ్వలేదని, నాలోనే ఏదో ఖరాబుందనుకున్నానమ్మా. డ్యూటీ నుంచొచ్చి పొయ్యి చూస్తే ఏడుపొచ్చేది. అమ్మ ఎలా చేసేదో అనుకునేదాన్ని.”

“నేనూ అలాగే చేసేదాన్ని,” అన్నాను. దాని చెయ్యి పట్టుకున్నాను. చెమ్మగిల్లిన కళ్ళతోనే నవ్వేసింది.

అప్పటిదాకా ముళ్ళు తీసుకుంటూ కూర్చున్న మా ఆయన నెమ్మదిగా అన్నారు. “నాకు తెలుసు.”

ముగ్గురం ఆయన వైపు తిరిగాం.

“లైన్ మీద పని పడి నేను ఇంటికి రాని రోజుల్లో, పిల్లలు లేకపోతే, మరమరాలూ అరటిపండూ తిని పుస్తకం పట్టుకుని పడుకునేదానివి గదా. మర్నాడొచ్చి చూస్తే మంచం పక్కన పుస్తకం, అరటి తొక్కలు. నీ మొహం కళకళలాడేది.”

“తెలిసి ఒక్కసారైనా అడగలేదేమండీ?”

“అడిగితే నేను ఒండాలి గదా మరి!”

అబ్బాయికే ముందు నవ్వొచ్చింది. పక్క బల్లవాళ్ళు తిరిగి చూసేంతగా నవ్వాడు. తర్వాత వాడే ఇంకో ప్లేటు వేపుడు చెప్పి, పెద్ద ముక్క ఏరి నా పళ్ళెంలో వేశాడు. మిగిలిన రెండు రోజులూ పొయ్యి దగ్గరికి వెళ్ళమని ఎవరూ అనలేదు. ఒక పూట అక్కాతమ్ముళ్ళు కలిసి వండారు. అన్నం కాస్త పలుకైంది. కూర్చున్నచోటికి వచ్చింది కాబట్టి నాకు బాగానే ఉంది.

రంగత్ వచ్చాక మా ఆయన పప్పు నేర్చుకున్నారు. పోపు మాడుస్తారు. నేనేమీ అనను. వారానికోసారి బజారులో బెంగాలీ హోటలుకి వెళ్తున్నాం. మాకిష్టమైన బల్ల ఖాళీగా లేకపోతే బయట నిలబడి కబుర్లు చెప్పుకుంటాం. పులుసు పూర్తిగా మానలేదు. బుద్ధి పుట్టినప్పుడు పెడుతున్నాను. మొన్నొక ఆదివారం తెల్లారే మంచి చేప దొరికితే, ఎవరూ అడక్కుండానే చింతపండు నానబోసుకున్నాను.

మా పిల్లలకు తెలుగు మాట్లాడ్డం వచ్చినంతగా చదవడం రాదు. అందుకని ఇదంతా రాశాక ఫోన్లో చదివి వినిపించాను. అబ్బాయి అంతా విని, “అమ్మా, ఆ రోజు నేను ఏడ్చానని రాయలేదు కదా?” అన్నాడు. వాడు ఏడ్చినట్టు నాకు తెలీనే తెలీదు.